పన్నెండు గడియారాల సాక్ష్యం

సాయంత్రం ఐదింటికి రాజకుమారిని హత్యాప్రయత్నం నేరం మీద కోర్టులో నిలబెడతారు. ఈలోగా ఆస్పత్రిలో ఉన్న ప్రొఫెసర్ వీరభద్రరావు ప్రాణం పోతే అందులోంచి ప్రయత్నమన్న మాట ఎగిరిపోయి ఉత్త హత్య మిగులుతుంది. ఈ దేశంలో హత్యకి ఒకటే శిక్ష, ఉరి. తారాదేవి చేతి గడియారంలో అప్పుడు ఒంటిగంటా పది నిమిషాలు.

ఆ అమ్మాయితో మాట్లాడ్డానికి ఇన్‌స్పెక్టర్ తాన్ ఆమెకి పది నిమిషాలిచ్చాడు, అదీ పాత పరిచయం కొద్దీ. తువాస్ షిప్‌యార్డుల్లో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న మనవాళ్ళ ఇన్సూరెన్సు కేసులు పట్టుకుని పదేళ్ళుగా ఆమె ఆయన బల్ల చుట్టూ తిరుగుతోంది. మిగతా రోజుల్లో ఆమె డిటెక్టివ్ పని ఏమిటంటే, లిటిల్ ఇండియా పేట సెరంగూన్ రోడ్డులో పప్పుల కొట్టు పైగదిలో కూర్చుని, పెళ్ళికొడుకులు ఉందని చెప్పిన ఉద్యోగం నిజంగా ఉందో లేదో ఆరా తియ్యడం. కంప్యూటర్ అన్నది ఆమె ఎరుకలో పెళ్ళికొడుకు పేరు పక్కన రాసే మాట, అంతే.

అలాంటి మనిషి ఈ కేసు నెత్తికెత్తుకోవడానికి కారణం ఉంది. యూనివర్సిటీలో వీరభద్రరావు దగ్గర పరిశోధన చేసే రాజకుమారి రెండేళ్ళుగా యూ టీ పేటలో ఆమె ఫ్లాట్‌లోనే ఒక గదిలో ఉంటోంది. ఆదివారం సాయంత్రం పోలీసులు వచ్చి, అమ్మాయి ఇంట్లోంచి వెళ్తూ ఏమంది అని అడిగితే, తారాదేవి ఉన్నదున్నట్టు చెప్పింది. సార్‌తో ఈరోజు తేల్చేసుకుంటానని వెళ్ళిందని చెప్పింది. నిజం చెబితే పిల్లకి మేలే జరుగుతుందనుకుంది. ఆ మాట ఇప్పుడు పోలీసు కాగితాల్లో మొదటి పేజీలో ఉంది. రెండు రోజులుగా తారాదేవి తన నోటిని తనే తిట్టుకుంటోంది.

రాజకుమారిని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. ఒంటి మీద ఆదివారం నాటి చుడీదారే ఉంది. కళ్ళు వాచిపోయాయి కానీ ఏడవడం లేదు, ఏడ్చే ఓపిక అయిపోయినట్టుంది.

"నేనేం చేయల్యా ఆంటీ," అంది కర్నూలు యాసలో.

"తెలుసు. నువ్వు చెయ్యలేదని నాకు చెప్పి లాభం లేదు. అడిగిందానికి చెప్పు," అంది తారాదేవి. గొంతు కటువుగా వచ్చింది. మెత్తగా మాట్లాడితే తనే ఏడుస్తానని ఆమెకి భయం.

పోలీసుల కథ పొట్టిది, అందుకే గట్టిగా ఉంది. ఆదివారం మధ్యాహ్నం యూనివర్సిటీ ల్యాబ్‌లో ప్రొఫెసర్ మిషన్ల గదిలోకి వెళ్ళాడు. ఆ గదికి తాళం పడేలా కంప్యూటర్‌లోంచి ఎవరో ఆజ్ఞ ఇచ్చారు. వరండాలో ఉన్న మంటలార్పే గ్యాసు పిడి లాగారు. గంట మోగింది, గదినిండా గ్యాసు కమ్మింది, ఆయన ఊపిరాడక పడిపోయాడు. వెనక పార్కింగులో ఉన్న కాపలా మనిషి గంట విని పరిగెత్తుకొచ్చి తలుపు పగలగొట్టాడు. గంట ఎన్నింటికి మోగిందో అతను చూసుకోలేదు. కానీ తాళం వెయ్యమన్న ఆజ్ఞ రాజకుమారి పేరు మీద ఏడో నంబరు మిషన్లో నమోదయింది, టైము రెండు నలభై ఒకటి. కింద గేటు కెమెరాలో ఆ అమ్మాయి బయటికి పోతూ కనిపించింది, టైము రెండు నలభై మూడు. తాళం వేసి, పిడి లాగి, నాలుగంతస్తులు దిగి పారిపోవడానికి వయసులో ఉన్న పిల్లకి రెండు నిమిషాలు చాలు.

"రెండు నలభై ఒకటికి ఎక్కడున్నావని ఇన్‌స్పెక్టర్ అడిగితే ఏం చెప్పావే?"

"మా ల్యాబ్‌లో రెండు నలభై ఒకటి అనేదే లేదని చెప్పినా."

తారాదేవికి ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. ఉరితాడు మెడ దాకా వచ్చినవేళ ఎవరైనా ఇలా మాట్లాడతారా? ఇన్‌స్పెక్టర్ ఆ మాటని, జవాబు చెప్పడానికి నిరాకరించింది, అని రాసుకున్నాడు. రాసుకోక ఏం చేస్తాడు?

కానీ రాజకుమారి పొగరుగా అనలేదు. ఆమెకి తెలిసిన నిజం అదే. వాళ్ళు కడుతున్న దాని పేరు తోరణం. విడివిడిగా ఉన్న పన్నెండు కంప్యూటర్లు ఒక్క కంప్యూటర్‌లా నడిచే ఏర్పాటు, ఎవరి దగ్గరా కొనకుండా మొదటి అక్షరం నుంచీ వాళ్ళే రాసుకున్నది. ఒకటి చచ్చిపోతే దాని పని పక్కది అందుకోవాలి. ఒకదానికి బరువెక్కువైతే పని తనంతట తనే ఖాళీగా ఉన్నదాని దగ్గరికి పోవాలి. పరీక్ష కోసం గది తాళం, మంటల గంట, కింద గేటు దగ్గర కార్డు గీకే పెట్టె, అన్నీ దానికే తగిలించారు. ఇలాంటి చోట గడియారాన్ని నమ్మితే కొంప మునుగుతుందట. ఏ రెండు మిషన్ల గడియారాలూ ఎల్లకాలం కలిసి నడవవు. అందుకని వీరభద్రరావు ఒక రూలు పెట్టాడు. వారానికోసారి పన్నెండు గడియారాల్నీ కావాలని తలో రకంగా తప్పుగా తిప్పాలి. అయినా తోరణం తడబడకుండా నడవాలి.

"మరి ఏది ముందో ఏది వెనకో ఎలా తెలుస్తుందే?"

"ఉత్తరం అందకముందే జవాబు రాయలేం కదాంటీ. ప్రతి మిషనూ ఒక కబురు పంపేటప్పుడు, అంతవరకూ తను ఎవరెవరి మాట వినిందో ఆ జాబితా దానికి అంటించి పంపిస్తుంది. టైము అడగొద్దు. ఎవరు ఎవరి మాట విన్నారో అడగండి."

ఈ సంగతి పోలీసులకి ఎందుకు చెప్పలేదంటే, గురునాథం సార్ చెప్తాడనుకున్నానంది. ల్యాబ్‌లో అందరికంటే పాతవాడు ఆయనే, సోమవారం సోమవారం గడియారాలు తప్పు తిప్పేది కూడా ఆయనే. ప్రొఫెసర్‌తో గొడవ ఎందుకయిందో కూడా చెప్పింది. శనివారం ఒక కంప్యూటర్ ప్రదర్శనలో కొత్త కంపెనీ ఒకటి తన సొంత సరుకంటూ చూపించినదాంట్లో రాజకుమారి రాసిన భాగం అక్షరం పొల్లుపోకుండా ఉంది. సారే ఇచ్చేశాడనుకుని వెళ్ళి నిలదీసింది. ఆయన తెల్లబోయాడు. ఎవరు కాపీ చేశారో మిషన్లలో చూస్తానని గదిలోకి వెళ్ళాడు. ఈమె కోపంతో మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ గంట మోగితే తలుపు దానంతటదే తెరుచుకునేట్టు రాసింది కూడా తనేనట, లోపల మనిషి చిక్కుకోకూడదని.

కానిస్టేబుల్ వచ్చి టైమయిందన్నాడు. రాజకుమారి లేచి, తన గురించి ఒక్క మాటైనా అడగకుండా, సార్ బతుకుతాడా ఆంటీ అని అడిగింది. తారాదేవి బతుకుతాడంది. ఆమెకి ఆ నమ్మకం లేదు.

రెండూ ఇరవైకల్లా ఆమె ల్యాబ్‌లో ఉంది. ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన చీటీతో నాలుగున్నర దాకా లోపల ఉండొచ్చు. వరండాలో ఎర్ర పిడి చూసింది, దాని మీద వేలిముద్రలు ఎవరో శుభ్రంగా తుడిచేశారని పోలీసులు ముందే చెప్పారు. పగిలిన తలుపు దాటి లోపలికి వెళ్తే చలి ఎముకలు కొరికేస్తోంది. రెండు ఇనప అల్మరాల్లో పన్నెండు మిషన్లున్నాయి, ఒక్కోదానికి ఒక నంబరు, ఒక చిన్న తెర. నేల మీద ప్రొఫెసర్ పడిన చోట పోలీసులు సుద్దగీత గీశారు. ఆ గీత తలుపుకి జానెడు దూరంలో ఉంది. ఆయన తలుపు దాకా పాక్కుంటూ వచ్చాడు.

తారాదేవి చేతి గడియారం విప్పి గుప్పిట్లో పెట్టుకుంది. స్టేషన్ గోడ గడియారంతో సరిపెట్టుకుని వచ్చింది. ఒకటో మిషన్ తెర మీద టైము రెండు ముప్పై ఒకటి, ఆమె చేతిలో కూడా రెండు ముప్పై ఒకటి. రెండోది సరిగ్గా ఉంది. మూడోది సరిగ్గా ఉంది. ఏడోదాంట్లో సెకను కూడా తేడా లేదు. పన్నెండోది కూడా సరిగ్గానే ఉంది. అన్నీ కలిసి ఒకే మాట చెబుతున్నాయి. పిల్ల తనకి అబద్ధం చెప్పిందా అన్న ఆలోచన వచ్చింది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"టైము కలుపుకుంటున్నారా?" అన్నారెవరో వెనకనుంచి.

ఆయన పార్థసారథి. యూనివర్సిటీ పిలిపించిన కంప్యూటర్ నిపుణుడు, రాజకుమారిని పట్టించిన రిపోర్టు ఆయనదే. రెండువేలో సంవత్సరం మొదలైన ఈ జనవరి ఒకటో తారీఖున లోకంలో కంప్యూటర్లన్నీ కుప్పకూలకుండా ఆపినవాళ్ళలో తానొకడినని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి తగ్గట్టు బెల్టుకి రెండు సెల్‌ఫోన్లు పెట్టుకుని తిరుగుతాడు. పెళ్ళిసంబంధాలు ఆరా తీసే మనిషి మిషన్ల గదిలో తిరగడం ఆయనకి నవ్వులాటగా ఉంది.

గడియారాలు తప్పుగా తిప్పే సంగతి ఆమె చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు, ఓపిగ్గా విన్నానని ఆమెకి తెలిసేలా విన్నాడు.

"నిన్న మధ్యాహ్నం నేనే చెక్ చేశాను తారాదేవి గారూ. పన్నెండూ పెర్ఫెక్ట్, సెకండ్‌తో సహా. ఆ అమ్మాయి మిమ్మల్ని సెంటిమెంట్‌తో ఆడిస్తోంది. మీరు పర్సనల్‌గా తీసుకున్నారు, అదే ప్రాబ్లమ్."

పర్సనల్‌గా తీసుకోకపోతే ఎవరి కోసం తీసుకోవాలి, అని ఆమె మనసులో అనుకుంది. పైకి మాత్రం గురునాథం గారిని చూడాలంది.

గురునాథం పక్క గదిలోనే ఉన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి, సన్నటి మనిషి. మూడో మిషన్‌కి కలిపిన బల్ల ఆయనది. ఆమెని చూడగానే లేచి కుర్చీ వేశాడు, ఫ్లాస్కులోంచి టీ పోశాడు, రాజకుమారి గురించి మాట్లాడేటప్పుడు పాపం అన్న మాట నాలుగుసార్లు వాడాడు. గడియారాల సంగతి అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"అది మొదట్లో సరదాగా చేసేవాళ్ళం మేడమ్. మానేసి రెండేళ్ళయింది. ఆ అమ్మాయికి నిద్ర లేదు, తిండి లేదు, ఏదేదో అంటోంది."

ఆదివారం మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో గుడికి వెళ్ళానన్నాడు. ఎవరైనా చూశారా అంటే, ఆదివారం ఆ జనంలో ఎవరు ఎవరిని చూస్తారండీ అన్నాడు. సోమవారం పొద్దున ఎవరైనా మిషన్లు ముట్టుకున్నారా అంటే, ఎవరూ ముట్టుకోలేదన్నాడు. అంతలో ఆయన బల్ల మీద ఫోన్ మోగింది. ఇంగ్లీషులో రెండు ముక్కలు విని, వస్తున్నానని చెప్పి, అర్జెంటు పని పడింది మన్నించండంటూ వెళ్ళిపోయాడు. అప్పుడు మూడూ అయిదయింది.

తారాదేవి మళ్ళీ చలి గదిలోకి వచ్చింది. ఏం వెతకాలో తెలియక ఊరికే మిషన్ల ముందు నిలబడింది. వంగి చూడబోతూ ఏడో తెర అంచు పట్టుకుంది. వేలికి ఏదో అంటుకుంది, జిగురు. తెర కింది అంచున అంగుళం పొడవున చీటీ పీకేసిన గుర్తు ఉంది. ఎనిమిదో తెర చూసింది, దానికీ ఉంది. పన్నెండింటికీ అదే చోట అదే గుర్తు ఉంది. అల్మరా మీద వేలు పెడితే దుమ్ము లేస్తోంది, ఈ జిగురు మీద మాత్రం దుమ్ము లేదు. ఒక్కో దగ్గర పాత కాగితాల పొరలు అట్టకట్టి ఉన్నాయి, వారం వారం ఒకదాని మీద ఒకటి అంటించినట్టు. తొమ్మిదో తెర మూల ఒక పొర సరిగ్గా ఊడలేదు. దాని మీద నీలం సిరాతో అంకె ముందర ఒక కూడిక గుర్తు మిగిలింది.

ఏ గడియారం ఎంత తప్పో రాసి అంటించే చీటీలవి. రెండేళ్ళ కిందట మానేసిన అలవాటుకి జిగురు ఇంకా ఆరలేదు. ఎవరో ఆదివారం తర్వాత చీటీలు పీకేసి, తప్పుగా ఉండాల్సిన పన్నెండు గడియారాల్నీ సరిచేశారు. పార్థసారథి సోమవారం మధ్యాహ్నం వచ్చి, సరిచేసిన గడియారాల్ని చూసి శభాష్ అనుకుని రిపోర్టు రాసేశాడు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించింది. ఆయన జేబురుమాలు తీసి వేలు తుడుచుకున్నాడు.

"జిగురు పట్టుకుని కోర్టుకి వెళ్తారా? సారీ అండీ. నా రిపోర్ట్ సైన్ చేసి ఇచ్చేశాను."

ఎవరు ఎవరి మాట విన్నారో ఆ జాబితాలు అచ్చు తీసిమ్మని అడిగింది. తోరణంలోకి వెళ్ళే తాళంచెవి, అంటే పాస్‌వర్డ్, ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది. అవి వేల వరుసలుంటాయి, అనవసరం అన్నాడు. ఆమె బతిమాలింది. జీవితంలో ఎవరినీ బతిమాలని మనిషి, ఆ పిల్ల వయసు చెప్పి, ఉరి అన్న మాట రెండుసార్లు అని మరీ బతిమాలింది. ఆయన ముఖం తిప్పుకుని, ఎమోషనల్‌గా మాట్లాడొద్దన్నాడు. టైము మూడూ ఇరవై. తారాదేవికి దుఃఖం, దాని పైన కోపం ఒక్కసారి లేచాయి. కోపమే గెలిచింది.

ఆయన రిపోర్టు నకలు ఆమె సంచిలో ఉంది. తనకి అర్థంకాని కాగితాన్ని కూడా చివరిదాకా చదవడం ఆమె వృత్తి నేర్పిన అలవాటు. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. దాని మీద వేలు పెట్టింది.

"ఇది చదవండి. కింద గేటు దగ్గర రాజకుమారి కార్డు గీకింది. కెమెరాలో రెండు నలభై మూడు. ఆ కార్డు పెట్టె కబురు రెండో మిషన్లో పడింది. దాంట్లో టైమెంత?"

"మూడూ అయిదు. అది బగ్. అందుకే పక్కన పెట్టాను."

"ఇరవై రెండు నిమిషాల తేడా. నిన్న సెకనుతో సహా కరెక్టని మీరు సర్టిఫికెట్ ఇచ్చిన గడియారమే కదండీ అది. ఆదివారం ఇరవై రెండు నిమిషాలు తప్పి, సోమవారం దానంతటదే బాగుపడిందా?"

పార్థసారథి చెయ్యి చాపాడు. కాగితం చేతిలోకి తీసుకుని మళ్ళీ చదివాడు. ఆయనలో ఒక మంచి గుణం ఉంది, గర్వం. తప్పు చేశానని ఎవరైనా అంటే భరించలేడు, నిజంగానే తప్పు చేశానేమోనన్న అనుమానం అంతకంటే భరించలేడు. వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

జాబితాలు బయటికి లాగడానికి అరగంట పైనే పట్టింది. తోరణం రాసినవాళ్ళు ఎవరూ పక్కన లేరు, ఉన్న ఒక్క అమ్మాయీ లాకప్‌లో ఉంది. ఆయన తంటాలు పడుతూనే ఉన్నాడు, తారాదేవి ఆయన వెనక నిలబడి గడియారం చూస్తూనే ఉంది. మూడూ యాభై అయింది, నాలుగయింది. ఈపాటికి రాజకుమారిని కోర్టుకి తీసుకెళ్ళడానికి వ్యాను సిద్ధం చేస్తుంటారు. నాలుగూ పదికి ప్రింటర్ కదిలింది.

పార్థసారథి కాగితాల్ని బల్ల మీద పరిచి పెన్సిల్‌తో ఒక్కో వరుసా దాటాడు. తాళం వెయ్యమన్న ఆజ్ఞ దొరికింది. దాని పక్కన, అది పుట్టేనాటికి ఏ ఏ కబుర్లు విన్నదో ఆ జాబితా ఉంది. ఆయన పెన్సిల్ అక్కడ చాలాసేపు ఆగింది.

"చెప్పండి," అంది తారాదేవి.

"గేటు తెరుచుకుందన్న కబురు దీనికి అప్పటికే అందింది. గంట మోగిన కబురూ అందింది. గంట మోగగానే తలుపు తెరుచుకుంది, ఆ కబురు కూడా అందింది. ఇవన్నీ విన్నాకే తాళం పడింది. అమ్మాయి గేటు దాటి వెళ్ళిపోయింది, ఆ తర్వాత గంట మోగింది, తలుపు తెరుచుకుంది, అప్పుడు ఇంకెవరో మళ్ళీ తాళం వేశారు." ఆయన పెన్సిల్ కింద పెట్టాడు. "ఇవి ఎవరూ మార్చలేరండీ. ఇదే జాబితా పన్నెండు మిషన్లలోనూ ఉంటుంది. ఒకచోట మారిస్తే మిగతా పదకొండూ ఒప్పుకోవు. నా రిపోర్ట్ తప్పు."

తారాదేవికి కళ్ళనీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. మరి ఏడో మిషన్ దగ్గర కూర్చుని తాళం వేసిందెవరని అడిగింది.

ఆయన ఇంకో కాగితం లాగాడు. ఈసారి ఆయన గొంతులో గర్వం లేదు.

"ఏడో దాని దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఆజ్ఞ టైపు చేసింది మూడో మిషన్లో. మూడోదాని మీద అప్పటికే పెద్ద పని నడుస్తోంది, తోరణం మొత్తాన్నీ ఎవరో కాపీ చేసుకుంటున్నారు. దానికి ఊపిరి సలపక, వచ్చిన కొత్త పనిని ఏడోదానికి తోసేసింది. ఇలా తొయ్యడమే కదా దీని గొప్పతనం. కంగారులో ఆ మనిషి అది మర్చిపోయాడు."

మూడో మిషన్ ఎవరిదో ఇద్దరికీ తెలుసు. తారాదేవి గంటన్నర కిందట ఆ బల్ల దగ్గరే కూర్చుని టీ తాగింది. ప్రొఫెసర్ ఆదివారం వెతకబోయింది ఆ కాపీ చేసిన మనిషినే, ఇంకాసేపు వెతికితే పట్టుకునేవాడు. మిషన్లు చూసుకునే గురునాథానికి అందరి తాళంచెవులూ తెలుసు. రాజకుమారి పేరు వాడుకోవడం ఆయనకి ఒక లెక్క కాదు.

నాలుగూ ఇరవై అయిదు. ఇన్‌స్పెక్టర్ సెల్‌ఫోన్ పలకలేదు. స్టేషన్‌కి చేస్తే ఆయన ఆస్పత్రిలో ఉన్నాడన్నారు, ప్రొఫెసర్‌కి మధ్యాహ్నం తెలివి వచ్చిందట. ఆ మాట వినగానే తారాదేవికి రెండు రోజుల్లో మొదటిసారి ఊపిరి నిండుగా అందింది. ఇక కాగితాలు కూడా అక్కర్లేదు, ఆయనే చెప్తాడు. ఇంకా మిగతా వరుసలు అచ్చు వేస్తూనే ఉన్న ప్రింటర్ పక్కన, గురునాథం బల్ల మీది ఫోన్‌లోంచే ఆస్పత్రికి చేసింది. నర్సు ఆ గదికి కలిపింది. మంచం పక్కనున్న ఫోన్ ఇన్‌స్పెక్టరే తీశాడు.

"ఇన్‌స్పెక్టర్, ఆ అమ్మాయి తాళం వెయ్యలేదు. నా దగ్గర రుజువుంది," అంది ఇంగ్లీషులో, ఒక్క గుక్కలో.

"టూ లేట్ లా, మిస్ తారా," అన్నాడు, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా'తోనే. "ప్రొఫెసర్ స్టేట్‌మెంట్ ఇచ్చేశాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రావడం లేదు ఆయనకి, తెలివి వచ్చిందగ్గర్నుంచీ మీ భాషే మాట్లాడుతున్నాడు. మా ఇంటర్‌ప్రెటర్‌కి తమిళం తప్ప రాదు. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే మీ మనిషి ఒకాయన వచ్చి అంతా ఇంగ్లీషులో చెప్పాడు. ప్రొఫెసర్ ఆ అమ్మాయి పేరే చెబుతున్నాడు. రాసుకున్నాను, మీ మనిషి సాక్షి సంతకం కూడా పెట్టాడు."

"ఆయన పేరేమిటి?"

"గురునాథం. చాలా మంచి మనిషి."

తారాదేవి రిసీవర్ చెవికి గట్టిగా అదుముకుంది. ఇన్‌స్పెక్టర్ గొంతు వెనకాల ఇంకో గొంతు వినిపించింది. ముఖానికున్న ఆక్సిజన్ మాస్కులోంచి వస్తున్న గొంతు, సన్నగా, అరిగిపోయినట్టుంది. అయినా ప్రతి మాటా తెలుస్తోంది.

"వీణ్ణి బయటికి పంపండి. ఎవరైనా సరే, వీణ్ణి బయటికి పంపండమ్మా."

దాని వెంటనే గురునాథం గొంతు, శుభ్రమైన ఇంగ్లీషులో, మెత్తగా వినిపించింది. ఆ అమ్మాయిని వదిలిపెట్టొద్దని అడుగుతున్నారు సార్, అంటున్నాడు.

"అది కాదు ఆయన అంటున్నది," అంది తారాదేవి. "ఇన్‌స్పెక్టర్, వినండి, ఆ గదిలోంచి మీరు కదలొద్దు. మీ పక్కనున్నవాడే..."

"నేను ఐదింటికి కోర్టులో ఉండాలి. మీ భాష గొడవ మీ ఇద్దరూ తేల్చుకోండి లా. ఇదిగో, ఆయనకే ఇస్తున్నాను."

రిసీవర్ చేతులు మారిన చప్పుడయింది. ఆమె ఇన్‌స్పెక్టర్ అని రెండుసార్లు కేకేసింది. బూట్ల చప్పుడు దూరమయింది, తలుపు మూసుకుంది. పార్థసారథి ఆమె ముఖం చూసి విషయం గ్రహించాడు. సెల్‌ఫోన్ తీసి ఆస్పత్రి నంబరు నొక్కుతూ వరండాలోకి పరిగెత్తాడు.

"చెప్పండి మేడమ్," అన్నాడు గురునాథం తెలుగులో.

రిసీవర్ ఆ చేతిలో ఉన్నంతసేపూ ఆ చెయ్యి ఇంకో పని చెయ్యలేదు. తారాదేవికి తోచింది అదొక్కటే. ఆయన్ని మాటల్లో పెట్టాలి, నర్సు ఆ గది తలుపు తీసేదాకా పెట్టాలి. ప్రొఫెసర్ గారికి ఎలా ఉంది, డాక్టర్లు ఏమన్నారు, మీరు భోజనం చేశారా అని ఒకదాని వెంట ఒకటి అడిగింది. ఆయన అన్నిటికీ మర్యాదగా జవాబు చెప్పాడు. గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ కూడా ఇన్‌స్పెక్టర్‌తోనే వెళ్ళాడని, స్టేట్‌మెంట్ అయిపోయింది కదా ఇంక కాపలా ఎందుకని, తనే చెప్పాడు. ఆమె మీరు ఏ గుడికి వెళ్ళారన్నారు అని అడిగింది. వరండాలో పార్థసారథి, లైను కలపండి, గది నంబరు తెలీదు, పేషెంట్ పేరు వీరభద్రరావు అని ఎవరికో అరిచి చెబుతున్నాడు.

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడయింది.

"మీరు నా బల్ల మీది ఫోన్‌లోంచి మాట్లాడుతున్నారు కదండీ," అన్నాడు గురునాథం. "ప్రింటర్ చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది."

"గురునాథం గారూ, ఒక్క నిమిషం. నేను చెప్పేది వినండి."

"ఉంటాను మేడమ్. సార్‌కి మాస్కు సరిచెయ్యాలి."